ఏంజెల్ చేపల పెంపకం: గుడ్డు నుంచి ఆరు వారాల పిల్ల దాకా

ఏంజెల్ చేపల జత చేత గుడ్లు పెట్టించడం ఈ పనిలో సులువైన భాగం. మంచి మేత, 27 నుంచి 28 డిగ్రీల వేడి, శుభ్రమైన నీరు ఉంటే ఆరోగ్యమైన జత దానంతట అదే గుడ్లు పెడుతుంది. వాటిని తీసివేస్తే వారం పది రోజుల్లో మళ్లీ పెడుతుంది. కష్టమంతా ఆ తరువాతే మొదలవుతుంది. గుడ్డు ఈదే పిల్లగా మారి నిలదొక్కుకునే లోపల ఫలదీకరణ, పొదుగు, వేలాడే దశ, మొదటి మేత అనే నాలుగు గండాలు దాటాలి. ఒక్కొక్క గండానికి కారణం వేరు, నివారణ కూడా వేరు. "గుడ్లు పోయాయి" అని మాత్రమే రాసుకునే వారికి ఏ గండం దగ్గర ఎన్ని పోయాయో తెలియదు కాబట్టి, నీటిలో ఉన్న లోపానికి మేతను, మేతలో ఉన్న లోపానికి మందును మారుస్తూ కాలం గడిచిపోతుంది. అందుకే ప్రతి విడతలోనూ ప్రతి మెట్టు దగ్గరా లెక్క తీశాను. ఈ డైరీని తేదీల వారీగా కాక దశల వారీగా అమర్చాను. ఒకే విడత రెండు మూడు దశల్లో కనిపిస్తుంది.

దశ 1: తొట్టి, పనిముట్లు, లెక్క తీసే పద్ధతి

జత ఉండే తొట్టి కొలతలు 60 × 45 × 45 సెంటీమీటర్లు. నీటిమట్టం 40 సెంటీమీటర్ల దగ్గర ఆపితే దాదాపు 108 లీటర్లు పడుతుంది. ఏంజెల్ చేప శరీరం పక్కల నుంచి నొక్కినట్లు పలుచగా ఉండి, వాజాలు పైకీ కిందికీ పొడవుగా సాగుతాయి; అందువల్ల తొట్టి పొడవు కన్నా ఎత్తు విషయంలో రాజీ పడకూడదు. అడుగున ఇసుక గానీ గులకరాళ్లు గానీ వేయలేదు. తినగా మిగిలిన మేత కనిపించాలి, కనిపించిన వెంటనే సన్నని గొట్టంతో లాగివేయగలగాలి.

అమెజాన్ నదీ ప్రాంతపు నెమ్మది నీళ్లలో ఈ చేప నిటారుగా ఉన్న ఆకుల మీద, మునిగిన కర్రల మీద గుడ్లు అంటిస్తుంది. తొట్టిలో ఆ స్థానంలో 10 × 30 సెంటీమీటర్ల పలకరాయిని గోడకు కొంచెం వాలుగా ఆనించాను. నునుపైన పలక ఉంటే గుడ్లను పలకతో సహా బయటికి తీయవచ్చు. పలక పెట్టకపోతే అవి ఫిల్టర్ గొట్టం మీదనో, హీటర్ మీదనో, అద్దం మీదనో పెడతాయి. అక్కడి నుంచి గుడ్లను క్షేమంగా తీయడం దాదాపు అసాధ్యం.

మిగిలిన పనిముట్లు ఇవి: రెండు స్పాంజ్ ఫిల్టర్లు, ఎయిర్ పంప్, విడి థర్మామీటర్, టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న పదార్థాల మొత్తం) మీటర్, జీహెచ్ (నీటి మొత్తం కాఠిన్యం), కేహెచ్ (పీహెచ్‌ను నిలబెట్టే క్షారత), పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం), అమ్మోనియా కొలిచే చుక్కల పరీక్షలు, 10 లీటర్ల గాజు పాత్ర, 1 మిల్లీలీటరు గీతలున్న సిరంజి, సన్నని గాలి గొట్టం, 120 మైక్రాన్ల జల్లెడ. హీటర్ మీద రాసి ఉన్న అంకెను నమ్మవద్దు. నా హీటర్‌ను 28 దగ్గర పెడితే థర్మామీటర్ 26.5 చూపించింది, ఆ ఒకటిన్నర డిగ్రీకే పొదుగు సమయం బాగా మారిపోతుంది.

లెక్క తీసే పద్ధతి:
1. గుడ్లు పెట్టడం పూర్తి కాగానే పలకను అద్దం బయటి నుంచి ఫోటో తీసి, ఫోటో మీద గళ్లు గీసి, గడి గడికీ గుడ్లు లెక్కపెట్టాలి.
2. 24 గంటలకు మళ్లీ ఫోటో తీయాలి. తేనె రంగులో పారదర్శకంగా ఉన్నవి ఫలించినవి. పాలలా తెల్లబడినవి చనిపోయినవి.
3. పొదిగాక పలక మీద మిగిలిన చచ్చిన గుడ్లను లెక్కించి, ఫలించిన వాటిలోంచి తీసివేయాలి.
4. ఈత మొదలయ్యాక పిల్లలను కొద్ది కొద్దిగా తెల్లని పళ్లెంలోకి తీసి, ఫోటోలో లెక్కపెట్టాలి.

ఈ పద్ధతిలో లెక్క అయిదారు అటూ ఇటూ కావచ్చు. మెట్టుకూ మెట్టుకూ మధ్య తేడా వందల్లో ఉన్నప్పుడు ఆ మాత్రం పొరపాటు నిర్ణయాన్ని మార్చదు.

దశ 2: జత కుదరడం

ఏంజెల్ చేపల్లో ఆడ, మగ తేడాను పైరూపం చూసి ఖాయంగా చెప్పలేము. నుదుటి వంపును బట్టి, వాజాల పొడవును బట్టి చెప్పే గుర్తులు పెద్ద వయసు చేపల్లో కొంతవరకు నిజమవుతాయి గానీ, వాటిని నమ్మి రెండు చేపలను విడిగా తీసి పెట్టడం సరి కాదు. ఆరు పిల్లలను కలిపి పెంచి, వాటిలో అవి జతను ఎంచుకునే దాకా ఆగడమే మంచి మార్గం. జత కుదిరిన రెండు చేపలు తొట్టిలో ఒక మూలను ఆక్రమించి మిగిలిన వాటిని తరుముతాయి. ఆ గుర్తు కనిపించాక ఆ రెండింటినీ వేరు చేశాను.

మొదటి విడతలో ఆ జత పెట్టిన గుడ్లు 512. మరునాటికి ఒక్కటి మిగలకుండా అన్నీ తెల్లబడ్డాయి. ఆ విడతలో నీటినీ వేడినీ అనుమానించే ముందు ఒక సంగతి చూడాలి: సంఖ్య మామూలు కన్నా చాలా ఎక్కువ, ఫలించినవి సున్న. మగది ఉండి నీరు బాగాలేకపోతే కొన్నయినా ఫలిస్తాయి. తరువాతి విడతకు ముందు పొట్ట కింది నాళికలను (గుడ్లు గానీ వీర్యం గానీ బయటికి వచ్చే గొట్టాలను) గమనిస్తే రెండింటివీ లావుగా, మొద్దుగా ఉన్నాయి. అంటే అవి రెండూ ఆడవే. మగ చేప అందుబాటులో లేనప్పుడు రెండు ఆడ చేపలు జతకట్టి, వంతుల వారీగా ఒకే పలక మీద గుడ్లు పెట్టడం ఏంజెల్ చేపల్లో మామూలే.

ఖాయమైన గుర్తు నాళికే. గుడ్లు పెట్టడానికి ఒకటి రెండు రోజుల ముందు అది బయటికి వస్తుంది. ఆడదానిది లావుగా మొద్దుగా, మగదానిది సన్నగా మొనదేలి ఉంటుంది. ఒక ఆడ చేపను తీసివేసి, గుంపులో సన్నని నాళిక కనిపించిన చేపను దానితో కలిపాను. కలిపేటప్పుడు తొట్టి మధ్యలో జాలి అడ్డం పెట్టి కొన్నాళ్లు ఒకదాన్నొకటి చూసుకోనిచ్చాక అడ్డం తీయాలి. లేకపోతే బలమైనది బలహీనమైనదాని వాజాలు చింపివేస్తుంది.

ఇప్పటి మొత్తం: గుడ్లు 512, ఫలించినవి 0.

దశ 3: ఫలదీకరణ

ఆడ, మగ ఖాయమైన జత రెండో విడతలో 310 గుడ్లు పెట్టింది. 24 గంటలకు పారదర్శకంగా ఉన్నవి 118, అంటే నూటికి 38. మగది పలక మీద తిరగడం కనిపించింది కాబట్టి లోపం దానిలో కాదు, దాని చుట్టూ ఉన్న పరిస్థితిలో ఉందని అనుకున్నాను. అనుమానాలు రెండు. ఒకటి, ఒక స్పాంజ్ ఫిల్టర్ పలకకు ఒక జానెడు దూరంలోనే ఉండి, దాని బుడగల వేగం పలక ముందు నీటిని గట్టిగా కదిలిస్తున్నది. ఆడది ఒక వరుస గుడ్లు అంటించాక మగది వెంటనే ఆ వరుస మీదుగా పాకుతూ వీర్యం విడుస్తుంది. నీటి ఒరవడి ఎక్కువైతే అది గుడ్లను చేరక ముందే చెదిరిపోతుంది. రెండోది నీటి కాఠిన్యం.

రెండింటినీ ఒకేసారి మార్చి ఉంటే ఏది పనిచేసిందో తెలిసేది కాదు. కాబట్టి మూడో విడతకు ఫిల్టర్‌ను ఎదురు మూలకు మార్చి, గాలిని సగానికి తగ్గించాను, నీటిని ముట్టుకోలేదు. గుడ్లు 296, ఫలించినవి 130, అంటే నూటికి 44. కొంత మేలు జరిగింది గానీ అసలు కారణం అది కాదని స్పష్టమైంది.

అప్పటి కుళాయి నీటి కొలతలు: జీహెచ్ 14, కేహెచ్ 10, పీహెచ్ 7.8, టీడీఎస్ 420 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు). జీహెచ్ ఒక డిగ్రీ అంటే లీటరుకు 17.85 మిల్లీగ్రాముల కాల్షియం కార్బనేట్‌కు సమానం కాబట్టి, 14 డిగ్రీలు అంటే దాదాపు 250 మిల్లీగ్రాములు. తరతరాలుగా తొట్టెల్లో పెరిగిన ఏంజెల్ చేపలు ఇంత గట్టి నీటిలో కూడా హాయిగా బతుకుతాయి, తింటాయి, గుడ్లు కూడా పెడతాయి. చిక్కు ఇక్కడే ఉంది: పెద్ద చేప ఆరోగ్యం చూసి నీరు బాగుందని తీర్మానిస్తాము. పెద్ద చేప తట్టుకునే నీరు వేరు, గుడ్డు ఫలించే నీరు వేరు.

లక్ష్యం జీహెచ్ 5 అని పెట్టుకున్నాను. ఆర్‌ఓ నీటిలో (సన్నని పొర గుండా వడకట్టి లవణాలు తీసిన నీటిలో) జీహెచ్ సున్నకు దగ్గరగా ఉంటుంది కాబట్టి లెక్క తేలిక: 5ను 14తో భాగిస్తే 0.36; అంటే 100 లీటర్లకు 36 లీటర్లు కుళాయి నీరు, 64 లీటర్లు ఆర్‌ఓ నీరు.

నీరు మార్చిన క్రమం:
1. మిశ్రమాన్ని విడి డ్రమ్ములో కలిపి, ఒక రోజంతా గాలి పట్టించి, వేడిని తొట్టి నీటితో సమానం చేయాలి.
2. ఒకసారికి తొట్టి నీటిలో నాలుగో వంతు మాత్రమే మార్చాలి.
3. రెండు మార్పుల మధ్య రెండు మూడు రోజులు ఆగి, ప్రతిసారీ టీడీఎస్ రాసుకోవాలి.
4. టీడీఎస్ 160 దగ్గరికి వచ్చి నిలిచాక ఆపాలి.

చివరి కొలతలు: జీహెచ్ 5, కేహెచ్ 3 నుంచి 4, పీహెచ్ 7.0 నుంచి 7.2. పూర్తిగా ఆర్‌ఓ నీరే వాడితే ఇంకా మంచిదని కొందరు భావిస్తారు. నేను దానితో ఏకీభవించను. ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చేటప్పుడు నీటిలోని క్షారతను ఖర్చు చేస్తుంది. కేహెచ్ దాదాపు సున్న అయితే ఆ ఖర్చుకు ఆధారం ఉండదు, పీహెచ్ ఉన్నట్టుండి కూలిపోతుంది, దానితో పాటు ఫిల్టర్ పని కూడా మందగిస్తుంది.

నాలుగో విడతలో గుడ్లు 284, ఫలించినవి 230, నూటికి 81. ఆ తరువాతి విడతలన్నీ 82 దగ్గరే నిలిచాయి కాబట్టి నీటిని ఇంక కదిలించలేదు.

ఇప్పటి మొత్తం, నాలుగో విడత దాకా: గుడ్లు 1402, ఫలించినవి 478.

దశ 4: తల్లిదండ్రుల దగ్గరే వదిలినప్పుడు

రెండో, మూడో విడతలను జత దగ్గరే ఉంచాను. ఏంజెల్ చేపల్లో తల్లి, తండ్రి ఇద్దరూ కాపలా కాస్తారు. వాజాలతో గుడ్ల మీదికి నీరు విసురుతారు, తెల్లబడిన వాటిని నోటితో ఏరివేస్తారు, పొదిగాక పిల్లలను నోట పట్టి మరో చోటికి మారుస్తారు. ఆ శ్రద్ధను చూసిన ఎవరికైనా వాటిని విడదీయడానికి మనసొప్పదు, నాకూ ఒప్పలేదు.

రెండో విడత గుడ్లు రెండో రాత్రి మాయమయ్యాయి. దీపం ఒక్కసారిగా ఆరిపోవడంతో చేపలు బెదిరి ఉంటాయని, చీకటిలో గుడ్లు కనబడక కాపలా తప్పి ఉంటుందని భావించి, మూడో విడతకు గది మూలలో చిన్న బెడ్‌ల్యాంపును రాత్రంతా వెలగనిచ్చాను, తొట్టికి మూడు పక్కలా నల్లకాగితం అంటించాను. ఈసారి గుడ్లు పొదిగే దాకా నిలిచాయి. పొదిగిన రోజే, పిల్లలను పలక మీది నుంచి ఆకు మీదికి మార్చే క్రమంలో, తల్లిదండ్రులు వాటిని తినివేశాయి. కొత్త జతలు మొదటి కొన్ని విడతలను తినివేయడం సాధారణం. కొన్ని జతలు తరువాత నేర్చుకుంటాయి, కొన్ని ఎప్పటికీ నేర్చుకోవు.

ఇక్కడ సిక్లిడ్ (ఏంజెల్ చేప కూడా చెందిన కుటుంబం) జాతుల మధ్య తేడా తెలియడం అవసరం. డిస్కస్ పిల్లలు మొదటి రోజుల్లో తల్లిదండ్రుల చర్మం మీది జిగురును తిని బతుకుతాయి కాబట్టి వాటిని విడదీయడం చాలా కష్టం. మలావి సరస్సుకు చెందిన అనేక జాతుల్లో తల్లి గుడ్లను దాదాపు మూడు వారాలు నోట్లోనే మోస్తుంది; వాటికి ఈ డైరీలోని 5, 6 దశలు వర్తించవు. ఏంజెల్ పిల్లలకు తల్లిదండ్రుల నుంచి ఆహారం అందదు, కాపలా మాత్రమే అందుతుంది. ఆ కాపలా పనిని గాలి బుడగలు, శుభ్రత చేయగలవు. ఈ కారణంగానే నాలుగో విడత నుంచి విడిగా పొదిగించాలని నిర్ణయించాను.

దశ 5: విడిగా పొదిగించడం

నాలుగో విడతలో 230 ఫలించిన గుడ్లను పలకతో సహా 10 లీటర్ల పాత్రలోకి మార్చాను. నీరు జత తొట్టిలోదే, వేడి 28 డిగ్రీలు, పలకకు దగ్గరగా ఒక ఎయిర్ స్టోన్. మందు ఏదీ వాడలేదు. తెల్లని గుడ్ల మీద రెండో రోజుకు దూదిలాంటి బూజు లేచింది. మూడో రోజుకు అది పక్కనున్న బతికిన గుడ్లను కమ్మివేసింది. బూజు మొదట చచ్చిన గుడ్డు మీదే పుడుతుంది. గుడ్లు ఒకదానికొకటి తగిలేంత దగ్గరగా ఉంటాయి కాబట్టి, అక్కడి నుంచి దాని పోగులు బతికినవాటిని చుట్టి గాలి అందకుండా చేస్తాయి. చివరికి పొదిగినవి 61.

ఐదో విడతకు మూడు మార్పులు చేశాను. మిథిలీన్ బ్లూ (బూజును అడ్డుకునే నీలిరంగు మందు) వాడాను, తెల్లని గుడ్లను ఏరివేశాను, ఎయిర్ స్టోన్ స్థానం మార్చాను. ఇక్కడ ఒక్కొక్క మార్పునూ విడిగా పరీక్షించలేదు. గుడ్లు మూడు రోజుల్లో తేలిపోయే వ్యవహారం, బూజుకు కారణం ముందే స్పష్టంగా తెలుసు.

పొదిగించే క్రమం:
1. గుడ్లు పెట్టడం ముగిసి, జత పలకను వదిలి కొంచెం ఎడంగా తిరిగే దాకా ఆగాలి. తొందరపడితే చివరి వరుసలు ఫలించవు.
2. పాత్రను తొట్టిలోనే ముంచి, పలకను నీటిలోనే పాత్రలోకి జరిపి, రెంటినీ కలిపి పైకి ఎత్తాలి. గుడ్లకు గాలి తగలనివ్వకూడదు.
3. 1% మిథిలీన్ బ్లూ ద్రావణాన్ని 10 లీటర్లకు 2 మిల్లీలీటర్లు కలపాలి. 1% ద్రావణంలో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు ఉంటుంది కాబట్టి ఇది లీటరుకు 2 మిల్లీగ్రాములు అవుతుంది.
4. ఎయిర్ స్టోన్‌ను పలకకు మూడు నాలుగు సెంటీమీటర్ల దూరంలో, కింది వైపు పెట్టాలి. నీరు గుడ్ల మీదుగా పాకాలి, బుడగలు మాత్రం గుడ్లకు తగలకూడదు.
5. పాత్ర మీద ముదురు గుడ్డ కప్పాలి.
6. రోజుకు రెండుసార్లు తెల్లని గుడ్లను సన్నని గొట్టంతో లాగివేయాలి. పక్క గుడ్డు కదిలే ప్రమాదం ఉంటే ఆ గుడ్డును వదిలేయడమే మేలు.

మిథిలీన్ బ్లూ ఫిల్టర్ బ్యాక్టీరియాకు హాని చేస్తుంది, అద్దాల అతుకుల్లోని సిలికాన్‌కు నీలిరంగు శాశ్వతంగా పట్టిస్తుంది. దాన్ని విడి పాత్రలో తప్ప జత తొట్టిలో వేయరాదు, ఆ పాత్రలో స్పాంజ్ ఫిల్టర్ పెట్టరాదు.

ఐదో విడత: గుడ్లు 302, ఫలించినవి 248, పొదిగినవి 221. ఫలించిన వాటిలో నూటికి 89. అంతకుముందు విడతలో ఇదే లెక్క 27కు మించలేదు. 28 డిగ్రీల దగ్గర గుడ్లు దాదాపు 60 గంటలకు పొదిగాయి.

ఇప్పటి మొత్తం, ఐదో విడత దాకా: గుడ్లు 1704, ఫలించినవి 726, విడి పాత్రలో పొదిగినవి 282.

దశ 6: వేలాడే దశ

పొదిగిన పిల్లకు వెంటనే ఈత రాదు. తల మీది జిగురు గ్రంథులతో పలకకు అతుక్కుని, తోక ఆడిస్తూ, సొన సంచిలోని ఆహారంతో మరో నాలుగైదు రోజులు వేలాడుతుంది. నోరు, పేగు ఇంకా సిద్ధం కావు. ఈ రోజుల్లో వేసిన మేత అంతా కుళ్లడానికే పనికివస్తుంది.

నాలుగో విడతలో పొదిగిన 61లో ఈత దశకు చేరినవి 19 మాత్రమే. మిగిలినవి పాత్ర అడుగున దొర్లుతూ, పైకి లేవలేక చనిపోయాయి. ఇవి గాలితిత్తి నిండని పిల్లలు. పాత్రను పక్క నుంచి దీపం వేసి చూస్తే రెండు సంగతులు కనిపించాయి: నీటి పైన జిడ్డు పొర, అడుగున కుళ్లిన గుడ్డు పెంకుల తెట్టు. మేత వేయలేదు కాబట్టి అమ్మోనియా ఉండదని భావించడం తప్పు, 0.5 పీపీఎం చూపించింది. అది చచ్చిన గుడ్ల నుంచి వచ్చినదే.

ఐదో విడతలో చేసిన మార్పులు:
1. పొదిగిన రోజే పలకను మెల్లగా ఊపి పిల్లలను పాత్రలోకి దులిపి, పలకనూ దానికి అంటిన చచ్చిన గుడ్లనూ బయటికి తీశాను.
2. రోజుకు సగం నీరు చొప్పున మార్చి, ఈత మొదలయ్యే లోపల నీలిరంగు పూర్తిగా పోయేలా చేశాను. కొత్త నీరు జత తొట్టిలోదే, గాలి గొట్టం ద్వారా చుక్కలుగా.
3. శుభ్రమైన కాగితాన్ని నీటి పైన పరచి ఎత్తి, జిడ్డు పొరను రోజూ తీశాను.
4. గాలిని తగ్గించాను. పిల్లలు గుంపుగా ఒక మూల ఉండగలగాలి, కొట్టుకుపోకూడదు.

221లో ఈదినవి 187, నూటికి 85. ఆరో విడతలో ఇదే క్రమంతో 238కి 214, అంటే నూటికి 90.

దశ 7: మొదటి మేత

ఈ పనిలో ఎక్కువ ప్రాణాలు పోయేది ఇక్కడే, ఎక్కువ కాలం పట్టింది కూడా ఇక్కడే. నాలుగో విడతలోని 19 పిల్లలకు మెత్తగా పొడి చేసిన మేత వేశాను. పిల్లలు కదిలేదాన్ని మాత్రమే ఆహారంగా గుర్తిస్తాయి. పొడి వాటి ముందే అడుగుకు చేరింది, వారంలోపల అన్నీ పోయాయి. ఉడికించిన గుడ్డు పచ్చసొన కూడా ఇలాంటిదే. అది నీటిని ఎంత త్వరగా పాడు చేస్తుందంటే, పది లీటర్ల పాత్రలో దాన్ని వాడమని ఎవరికీ చెప్పను.

అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటిలో బతికే రొయ్యలాంటి చిన్న జీవి) ఏంజెల్ పిల్లల నోటికి సరిపోయే పరిమాణంలో, దాదాపు అర మిల్లీమీటరు లోపల ఉంటుంది, నీటిలో కదులుతూ ఉంటుంది. ఐదో విడతకు దాన్నే ఎంచుకున్నాను, అయినా 187లో రెండు వారాలకు మిగిలినవి 39. పిల్లలు తినడం కళ్లారా కనిపిస్తున్నా చనిపోయాయి కాబట్టి, ఆర్టీమియా తయారీనీ, పాత్ర నీటినీ రెండింటినీ విడివిడిగా కొలిచాను.

ఆర్టీమియా సీసా లోపాలు. సీసా గది వేడిలో, 22 నుంచి 23 డిగ్రీల దగ్గర ఉంది. అక్కడ పొదుగు 36 గంటలు దాటినా పూర్తి కాలేదు. ముందు పొదిగినవి అప్పటికే తమ సొనను ఖర్చు చేసుకుని బలం తగ్గిపోయాయి. పొదిగిన మొదటి దశలో ఆర్టీమియా ఏమీ తినదు, లోపలి సొన మీదే బతుకుతుంది. ఆ సొనే చేపపిల్లకు దక్కే అసలు పోషణ. ఆలస్యంగా వేసిన మేతలో పిల్లకు దక్కేది తక్కువ. పైగా సీసా అడుగు చదునుగా ఉండటం వల్ల అంచుల్లో గుడ్లు పేరుకుని పొదగలేదు, పొదగని గుడ్లూ పెంకులూ మేతతో కలిసి పిల్లల నోట్లోకి వెళ్లాయి.

మార్చిన క్రమం:
1. లీటరు ప్లాస్టిక్ సీసా అడుగు కోసి, తలకిందులుగా నిలబెట్టాలి. మూత నుంచి గాలి గొట్టం లోపలికి రావాలి.
2. లీటరు నీటికి 30 గ్రాముల ఉప్పు, పీహెచ్ 8 పైన ఉండటానికి చిటికెడు వంటసోడా, 2 గ్రాముల ఆర్టీమియా గుడ్లు వేయాలి.
3. సీసాను 28 డిగ్రీల నీటి తొట్టెలో నిలిపి, పైన దీపం వెలిగించి, గాలిని గట్టిగా వదలాలి.
4. 24 గంటలకు గాలి ఆపి పది నిమిషాలు ఆగాలి. పెంకులు పైకి తేలుతాయి, పిల్లలు కిందికి చేరుతాయి. కింది భాగానికి దీపం చూపితే ఇంకా శుభ్రంగా విడిపోతాయి.
5. కింది నారింజ రంగు భాగాన్ని మాత్రమే జల్లెడలోకి వదిలి, మంచినీటితో కడిగి వెంటనే వేయాలి.
6. 12 గంటల తేడాతో రెండు సీసాలు నడపాలి. మిగిలిన దాన్ని ఫ్రిజ్‌లో ఉంచితే సొన ఖర్చు నెమ్మదిస్తుంది. ఒక రోజుకు మించి ఉంచవద్దు.

పాత్ర నీరు. ఐదో విడతలో మేత మొదలైన మూడో రోజుకే అమ్మోనియా 1 పీపీఎం దాటింది. ఆర్టీమియా మంచినీటిలో కొన్ని గంటలే బతుకుతుంది. తినగా మిగిలినదంతా చచ్చి అడుగున కుళ్లుతుంది. పైగా ఆ వారం పిల్లల పాత్రలోకి మిశ్రమం బదులు కుళాయి నీరు వాడటంతో పీహెచ్ 7.8కి చేరింది. 28 డిగ్రీల దగ్గర మొత్తం అమ్మోనియాలో విషపూరితమైన భాగం పీహెచ్ 7 వద్ద నూటికి ఒకటి కన్నా తక్కువ, పీహెచ్ 8 వద్ద ఆరు పైన. అంటే పరీక్షలో అదే అంకె కనిపించినా, పీహెచ్ ఒక అంకె పెరిగితే విషం దాదాపు తొమ్మిది పది రెట్లు అవుతుంది. అమ్మోనియా అంకెను పీహెచ్‌తో కలిపి చదవకపోతే దానికి అర్థం లేదు.

ఆరో విడతకు పిల్లలను ఈత మొదలైన రెండో రోజే 40 లీటర్ల తొట్టిలోకి మార్చి, జత తొట్టిలో నెలల తరబడి నడిచిన స్పాంజ్ ఫిల్టర్‌ను అందులో పెట్టాను. కొత్త స్పాంజ్ పనికిరాదు. బ్యాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందుకే దశ 1లో రెండు ఫిల్టర్లు చెప్పాను. రోజుకు ఐదు పూటలు కొద్దికొద్దిగా మేత, ప్రతి పూట తరువాత గంటకు అడుగు తెట్టును గొట్టంతో లాగడం, లాగినంత నీటిని జీహెచ్ 5 మిశ్రమంతో నింపడం. మేత చాలిందా అన్నది పిల్లల పొట్టలే చెబుతాయి: వేసిన కాసేపటికి అవి నారింజ రంగులో గుండ్రంగా ఉబ్బాలి. కొన్ని పొట్టలు ఖాళీగా కనబడితే మేత పెంచడం కాదు, దాన్ని తొట్టిలో రెండు మూడు చోట్ల వేయడం అవసరం. బలహీనమైన పిల్లలు మేత ఉన్న చోటికి ఈది చేరలేవు.

ఆరో విడత: గుడ్లు 318, ఫలించినవి 261, పొదిగినవి 238, ఈదినవి 214, రెండు వారాలకు 163. అమ్మోనియా 0.25 దాటలేదు, పీహెచ్ 7.2 దగ్గర నిలిచింది.

ఇప్పటి మొత్తం, ఆరో విడత దాకా: గుడ్లు 2022, ఫలించినవి 987, విడిగా పొదిగినవి 520, ఈదినవి 420, రెండు వారాలు దాటినవి 202.

దశ 8: రెండు వారాల నుంచి ఆరు వారాలకు

ఈ దశలో చావులు తక్కువ, లోపాలు మాత్రం బయటపడతాయి. మూడు నాలుగు వారాల మధ్య వాజాలు పొడుచుకుని వచ్చి, అప్పటిదాకా మామూలు చేపపిల్లలా ఉన్నది ఏంజెల్ రూపానికి వస్తుంది. ఐదో విడతలో ఆరు వారాలకు మిగిలిన 31లో 9 చేపలకు ఉదర వాజాలు ఒకటి గానీ రెండూ గానీ లేవు. ఆరో విడతలో మిగిలిన 148లో అటువంటివి 4. జత ఒకటే; నీటి శుభ్రత, తొట్టి, మేత తయారీ మాత్రమే మారాయి. కాబట్టి ఆ లోపాన్ని వంశానికి అంటగట్టలేను.

మూడో వారం నుంచి ఒక పూట ఆర్టీమియాకు బదులు మెత్తని పొడి మేత అలవాటు చేశాను. నాలుగో వారంలో తొట్టిని 120 లీటర్లకు మార్చాను. ఆరు వారాలకు శరీరం దాదాపు 2 సెంటీమీటర్లకు చేరింది, కానీ పరిమాణంలో తేడా ఎక్కువగా ఉంది. పెద్దవి చిన్నవాటిని మేత దగ్గరికి రానివ్వవు. రెండు పరిమాణాలుగా విడదీసి వేరు తొట్టెల్లో ఉంచితే చిన్నవి వారం తిరిగేసరికి తేరుకున్నాయి.

ఒక్కో పిల్లకు ఈ వయసు దాటాక నాలుగు లీటర్ల నీరు ఉండాలన్నది నేను పాటిస్తున్న లెక్క. 148 పిల్లలకు అది దాదాపు 600 లీటర్లు. అంత చోటు గానీ, పిల్లలను తీసుకుని సరిగా పెంచే వారు గానీ ముందే సిద్ధంగా లేనప్పుడు విడత మొత్తాన్నీ పెంచకూడదు. గుడ్లుగా ఉన్నప్పుడే పలకలో కొంత భాగాన్ని తల్లిదండ్రులకు వదిలేయడం, ఇరుకు తొట్టిలో వందల పిల్లలను కుంగదీయడం కన్నా చాలా న్యాయమైన పని. ఆరో విడత పిల్లల్లో సగానికి పైగా చోటు కుదిరింది. మిగిలినవి రెండు తొట్టెల్లో ఉన్నాయి.

ఇప్పటి మొత్తం: గుడ్లు 2022, ఆరు వారాలు దాటినవి 179. వాటిలో 148 చివరి విడతవే.

తరువాతి విడతలో మార్చబోయేది

నిష్పత్తిలో చూస్తే ఆరో విడతలో అతి పెద్ద నష్టం ఈత మొదలైనప్పటి నుంచి రెండు వారాల మధ్య జరిగింది: 214లో 51. వాటిలో ఎక్కువ భాగం మొదటి ఐదు రోజుల్లోనే పోయాయి, వాటి పొట్టలు ఖాళీగా ఉన్నాయి. 40 లీటర్లలో మేత పలచబడి అందరికీ అందలేదని అనుమానం. ఏడో విడతను ఈత మొదలైన రోజున రెండు సమాన భాగాలు చేస్తాను. ఒక భాగం ఆరో విడతలాగే 40 లీటర్ల తొట్టిలోకి వెళుతుంది. రెండోది అదే తొట్టిలో వేలాడదీసిన సన్నని జాలి పెట్టెలో, 5 లీటర్ల చోటులో, మొదటి వారం గడుపుతుంది. నీరు, వేడి, ఫిల్టర్, మేత పూటలు రెండింటికీ ఒకటే. పద్నాలుగో రోజు లెక్కను ఇక్కడ చేరుస్తాను.